ఇంకో ముద్ద

మొన్నటి చలికాలమంతా మా ఆయన్ని నేను మేపాను.

మొగుడి విషయంలో వాడే మాట కాదు, తెలుసు. కానీ చేసింది అదే అయినప్పుడు ఇంకో మాట కోసం వెతుక్కోవడం దండగ. పొద్దున పూరీలు, మధ్యాహ్నం డబ్బాలో నెయ్యి తేలే ముద్దపప్పు, సాయంత్రం కరెంటాఫీసు నుంచి వచ్చి చెప్పులు విడిచేలోపల గంజులోంచి తీసిన వేడివేడి సర్వపిండి. ఆయన పేరు రమాకాంత్. పాపం, పెళ్లయిన ఇన్నేళ్లకు పెండ్లానికి తన మీద ప్రేమ కలిగిందనుకున్నాడు. అనుకోనిచ్చాను.

ఇదంతా మా అత్తమ్మ మొక్కు వల్ల వచ్చింది.

మాది హసన్‌పర్తి. అత్తమ్మ పేరు సమ్మమ్మ. మేడారం సమ్మక్క పేరే. మా దిక్కు ఏ వాడలో కేకేసినా ఒకరికి ఇద్దరు సమ్మమ్మలు తలుపు తీస్తారు. కార్తీకం వెళ్లేముందు ఒకనాటి పొద్దున, బర్రెను పిండుకొచ్చి పాల బకెట్టు వంటింటి గడపలో పెట్టి అన్నది:

"ఈసారి జాతరకు ఎత్తు బంగారం ఇయ్యాలె. మొక్కున్నది."

మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. అక్కడికి పోయే బెల్లాన్ని ఎవరూ బెల్లం అనరు, బంగారం అంటారు. ఆపద గడిచిన మనిషిని తరాజులో ఒకపక్క కూర్చోబెట్టి, రెండోపక్క ఆ మనిషి బరువంత బెల్లం పెట్టి, దాన్ని తీసుకుపోయి అమ్మల గద్దెల దగ్గర అప్పజెప్తే అది ఎత్తు బంగారం.

"ఎవరి ఎత్తు అవ్వా?" అన్నాడు మా ఆయన, పళ్లపొడి నోట్లో పెట్టుకుని.

"ఉన్నది. అమ్మకు తెల్సు, నాకు తెల్సు."

"మాకు జెప్తె ఏమైతది?"

"మొక్కు తీర్చేదాక నోట్లకెళ్లి తియ్యొద్దురా. తీస్తె పల్చనైతది."

మా అత్తమ్మ పాలల్లో నీళ్లు కలపదు. మాటల్లో అసలే కలపదు. కాబట్టి మళ్లీ ఎవరూ అడగలేదు.

అడగాల్సిన అవసరమూ లేదు. పోయిన జాతర తర్వాత వచ్చిన వానకాలంలో మా ఇంటికి రెండు ఆపదలొచ్చాయి. ఒకటి, మా ఆయన భీమారం మూలమలుపు దగ్గర బండి మీంచి జారి చిటికెన వేలు విరగ్గొట్టుకున్నాడు. రెండు, నాకు డెంగీ వచ్చింది. దవాఖానలో పడేశారు. ప్లేట్‌లెట్లు దిగిపోతున్నాయని డాక్టరు మా ఆయన్ని వరండాలోకి తీసుకుపోయి మెల్లగా మాట్లాడాడు. ఈ రెండింట్లో ఎత్తు బంగారం మొక్కు దేనికి పడి ఉంటుందని మా వాడలో ఎవర్ని అడిగినా, తల గోక్కోకుండా చిటికెన వేలికే అంటారు. అన్నారు కూడా. మా ఆయనా అదే అనుకున్నాడు. నేనూ అదే అనుకున్నాను. కొడుకు వేలు కొడుకు వేలే.

నాకు వేలి మీద కోపం లేదు. నా కోపం దవాఖాన మీద. నేనున్నన్నాళ్లు అత్తమ్మ ఒక్కనాడు రాలేదు. పక్కమంచం పిల్లకు మరిపెడ నుంచి ముసలి అత్త బస్సులు మారి వచ్చి, జావ పట్టి, తల దువ్వి పోయేది. పోతూ పోతూ "నీకు అత్త లేదా బిడ్డా?" అని అడిగేది. "ఉన్నది, బర్రె కాడ ఉన్నది" అని చెప్పేదాన్ని. ఇంటికొచ్చినాక అత్తమ్మ నన్ను చూసి "వచ్చినవా" అన్నది. అంతే. ఆ ఒక్క మాటకు నేను లోపల లోపల ఎన్ని జవాబులు తయారుచేసుకున్నానో లెక్క లేదు. ఏ ఒక్కటీ బయటికి రాలేదు.

వాటికి బదులుగా మొన్నటి దసరా ముందర ఒక ఫ్లాటు వచ్చింది.

హన్మకొండలో, రెండో అంతస్తు. మా అమ్మాయి సింధు కాలేజీకి దగ్గర అని అందరికీ చెప్పడానికి ఒక కారణం ఉండనే ఉంది. అసలు కారణం వంటింటి కిటికీ. మా హసన్‌పర్తి వంటింటికి కిటికీ లేదు. పొగ గొట్టం, ఒక బల్బు, గడపలో అత్తమ్మ. ఆ ఫ్లాటులో పొయ్యి ముందు నిలబడితే ఎదురుగా ఆకాశం. ఏం వండాలో ఎవర్నీ అడగకుండా, ఎంత నూనె పోశానో ఎవరూ చూడకుండా ఆ ఆకాశం ముందు నిలబడాలని నాకు మహా కోరిక పుట్టింది. అత్తమ్మ బర్రెను విడిచి రాదు. అంటే ఇల్లు రెండవుతుంది. ఆ సంగతి ఆమెకు చెప్పే పని కొడుకుది.

"జాతర కానీ, చెప్త" అన్నాడు మా ఆయన.

"ఓనరు మాఘం దాకనే ఆగుతా అన్నడు."

"మాఘంలనే జాతర. జర ఆగు పద్మా. మొక్కు ముందట పెట్టుకొని ఉన్నది అవ్వ. గిప్పుడు చెప్తే బాగుండదు."

ఈయనకు వాళ్లమ్మ దగ్గర నోరు తెరవాలంటే ఎప్పుడూ ఏదో ఒక పండుగ అడ్డమొస్తుంది.

మేపే ఆలోచన మాత్రం నాది కాదు. మా గోడవతల ఎస్తేరక్క ఇచ్చింది, ఇస్తున్నట్టు తెలియకుండానే.

ఎస్తేరక్క ఇంట్లోనే మిషను మీద జాకెట్లు కుడుతుంది. వాళ్లాయన సాల్మన్ ఆదివారం చర్చిలో తప్ప ఎక్కడా మాట్లాడడు. అందుకని ఆమె మాటలన్నీ గోడ మీంచి మాకొస్తాయి.

"నాకొక డౌటు పద్మా" అన్నది ఆ రోజు, దారం కొరుకుతూ. "మీ అత్త మొక్కుకున్నది ఎన్నడో. తీర్చేది ఇప్పుడు. మరి మొక్కిననాటి బరువా, తీర్చేనాటి బరువా?"

నేను బీఎస్సీ చదివాను. తూకం సంగతి నన్నడగడం ఆమె అదృష్టం. "తీర్చేనాటిదే అక్కా. మొక్కిననాడు తరాజు యాడున్నది?"

"అయితే మీ ఆయన్ను ఈ రెండు నెలలు జర సన్నగ చెయ్యరాదు? ముసలామెకు బెల్లం తక్కువైతది."

సన్నగా చేయగలిగిన చెయ్యి లావుగానూ చేయగలదు కదా అని నాకప్పుడు తోచింది. ఎత్తు బంగారానికి కొడుకు పైసలు ముట్టనని అత్తమ్మ ముందే చెప్పింది: "మొక్కు నాది, నా పాల పైసలతోనే తీరుస్త." పైగా మా ఇంటికి ఎవరొచ్చినా ఆమె మొదటి మాట "నా కొడుకు చిక్కిపోయిండు" అనే. ఆ మాట నా వంట మీదికి విసిరిన రాయని అందరికీ తెలుసు. ఇప్పుడు కొడుకును బలిపిస్తే ఆ నోరు మూతపడుతుంది, బర్రె పాల కుండ ఖాళీ అవుతుంది. స్వామికార్యం, స్వకార్యం. నేను ఆ సాయంత్రమే శనగపప్పు నానబెట్టాను.

మా ఆయన మొదట్లో ఎదురుతిరిగాడు. నలుగురి ముందర తరాజులో కూర్చోవాలి కదా అని పొద్దున్నే చెరువు కట్ట మీద నడక మొదలుపెట్టాడు. చలికి మఫ్లరు చుట్టుకుని, చేతులూపుకుంటూ పోయేవాడు. వచ్చేటప్పటికి నేను పూరీలు పొంగిస్తూ ఉండేదాన్ని.

"ఇగ చాలు పద్మా."

"ఇంకో ముద్ద."

"నలుగురు చూస్తరే."

"చూడనియ్యి. చిక్కిన మొగన్ని తీస్కపోయి తరాజుల కూసోపెడ్తే అనేది నిన్ను గాదు, నన్ను."

ఈ మాటకు ఆయన దగ్గర జవాబు ఉండేది కాదు, ఆకలి ఉండేది. బగారన్నం, తలకాయ కూర, పుష్యం చలికి నువ్వుల లడ్డూలు, నూనెలో దోరగా వేగిన సకినాలు. మలీద ముద్దలు చేస్తే, అవి బతుకమ్మకు చేసేవి కదా అని సింధు అడిగింది. నాన్నకు ఇష్టం అన్నాను. వండేదానికి ఉప్పు చూడక తప్పదు, కారం చూడక తప్పదు, పక్కన కూర్చుని తోడు తినకపోతే మొగుడు సగంలో లేచిపోతాడు. ఆ రకంగా కొంత నాకూ తప్పలేదు.

అత్తమ్మ గడపలో కూర్చుని అంతా చూసేది. ఒకనాడు వెన్న కాచిన గిన్నె తెచ్చి ఆయన అన్నంలో నెయ్యి పోసింది. తర్వాత నా దిక్కు తిరిగింది.

"వానికి పెట్టుడేనా, నువ్వు తింటానవా లేదా?"

ఇదొక పోటు మాట అనుకున్నాను. "తింటాన అత్తమ్మా, దాసిపెట్టుకొని ఏం తింటలేను" అన్నాను.

"తిను" అని గిన్నెలో మిగిలిన నెయ్యంతా నా తలెలో అన్నం మీద వంచి పోయింది. నేను ఆమె నడక వంక చూస్తూ, ఇందులో ఏం మర్మముందా అని ఆ నెయ్యి మొత్తం తిన్నాను.

క్రిస్మసుకు ఎస్తేరక్క కేకు, నూనెలో వేయించిన గులాబీ పువ్వులు పంపింది. కొంత మా ఆయనకు పెట్టాను. ఆ వారం జాకెట్టు పట్టుకుని గోడ దగ్గరికి పోయాను.

"కుట్టు విప్పాలె అక్కా. ఉతికితే గుంజుకపోయింది."

ఎస్తేరక్క జాకెట్టును తిరగేసి, కళ్లద్దాలు ముక్కు మీదికి దించి చూసింది. "మొన్ననే ఒకసారి విప్పిన. ఇగ విప్పుదామంటె లోపల బట్ట లేదు." తర్వాత నన్ను పైనుంచి కిందికి చూసింది. "బట్ట గుంజుకపోయింది సరే. నువ్వెందుకు గుంజుకపోలే? నిన్ను ఉతకలేదా?"

నేను నవ్వి ఊరుకున్నాను. తరాజులో కూర్చునేది నేను కాదు కదా.

మధ్యలో ఫ్లాటు ఓనరు రెండుసార్లు ఫోన్ చేశాడు. రెండుసార్లూ మా ఆయన మేడ మీదికెక్కి మాట్లాడి వచ్చాడు. "జాతర కానీ" అన్నాడు ఓనరుకు కూడా.

జాతర ముందరి ఆదివారం బరువు తూయించే రోజు పెట్టుకున్నాం. మామూలప్పుడు మొండయ్య దుకాణంలో ఉప్పూ పప్పూ అమ్ముతాడు. జాతర దగ్గర పడితే ముందర టెంటేసి, బెల్లం ముద్దలు గుట్టగా పేర్చి, ఇనుప స్టాండుకు పెద్ద తరాజు వేలాడదీస్తాడు. పక్కనే ఎలక్ట్రానిక్ కాంటా ఉంది, ఎర్ర అంకెలతో. అత్తమ్మ దాని మొహం చూడలేదు.

"గదెందుకు మొండయ్యా. గది అంకెలు చెప్తది. నాకు అంకెలెందుకు? మనిషి, బంగారం సరికి సరి ఉంటె చాలు."

మేం డప్పుతో వచ్చాం. వాడవాళ్లు సగం మంది మా వెంట వచ్చారు, మిగతా సగం రోడ్డుకు అటుపక్క నిలబడ్డారు. అటుపక్కవాళ్లలో ఎస్తేరక్క ఉంది. రానురాను అంటూనే చూడడానికి వచ్చింది. మా ఆయన తలస్నానం చేసి, పంచె కట్టి, నుదుట కుంకుమతో, మెడలో బంతిపూల దండతో పెళ్లికొడుకులా ఉన్నాడు. పంచె పైన పొట్ట కొత్తగా మెరుస్తోంది. అది నా చేతి పని. సింధు ఫోన్ పట్టుకుని తయారుగా ఉంది. మొండయ్య తరాజు పళ్లేనికి పసుపు రాసి, దండం పెట్టి, "రా బావా, ఎక్కు" అన్నాడు.

మా ఆయన చెప్పులు విడిచి, ఒక కాలు పళ్లెంలో పెట్టాడు.

"నువ్వెందుకురా ఎక్కుతానవ్?" అన్నది అత్తమ్మ.

మా ఆయన ఒక కాలు పళ్లెంలో, ఒక కాలు నేల మీద పెట్టుకుని నిలబడ్డాడు. "మరి?"

"దిగు. పద్మా, నువ్వు రా."

డప్పు ఆగలేదు. కొట్టేవాళ్లకు ఈ మాట వినపడలేదు. ఆ మోతలోనే మా ఆయన దిగాడు. దండ తీసి ఎవరికివ్వాలో తెలియక చేతిలో పట్టుకున్నాడు. అత్తమ్మ అది అందుకుని నా మెడలో వేసి, నా భుజం మీద చెయ్యి పెట్టి పళ్లెం దిక్కు తోసింది. మరీ మెల్లగా ఏం కాదు. బర్రెను కొట్టంలోకి తోసినట్టే.

చిలుకమ్మ మా వెనకింట్లో ఉంటుంది. వాడలో ఏ మాట ఎవరు ముందనాలో ఆమే నిర్ణయిస్తుంది. "కోడలికి మొక్కినవా వదినా?" అన్నది. "నేను యాడ వినలే. కొడుక్కు మొక్కుతరు, మనుమనికి మొక్కుతరు. కోడలికి ఎవరన్న ఎత్తు బంగారం మొక్కుతరా?"

"ఏం? కోడలికి బరువుండదా?" అన్నది అత్తమ్మ.

ఉంటుంది. ఉందని నేను పళ్లెంలో చతికిలబడగానే ఇనుప స్టాండు కూడా మూలిగి ఒప్పుకుంది.

మొండయ్య అటుపక్క ముద్దలు పేర్చడం మొదలుపెట్టాడు. నేను కదల్లేదు. సింధు "అమ్మా, ఇటు చూడు" అంటోంది, నేను ఎటూ చూడలేదు. పళ్లెం గొలుసులు రెండు చేతులా పట్టుకుని, నా మోకాళ్ల వంక చూసుకుంటూ కూర్చున్నాను. ముద్ద పెట్టిన ప్రతిసారీ ఇప్పుడు లేస్తానేమో అనిపించేది. లేవలేదు.

"ఇంకో ముద్ద" అన్నాడు మొండయ్య.

అది నువ్వుల లడ్డూలది అనుకున్నాను.

"ఇంకో ముద్ద."

అది ఎస్తేరక్క కేకుది.

"ఇంకో ముద్ద పడ్తది అత్తమ్మా" అన్నాడు మొండయ్య, కొంచెం మొహమాటంగా. రోడ్డవతల ఎవరో నవ్వారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. ఆయన మొహంలో నా పూరీల రహస్యం మొదటిసారి మెల్లగా తెల్లారుతోంది.

చిలుకమ్మ ముద్దల్ని వేళ్ల మీద లెక్కపెడుతూ పైకే అంకెలు చదవడం మొదలుపెట్టింది.

"చిలుకా" అన్నది అత్తమ్మ వెనక్కి తిరగకుండానే. "బంగారం లెక్కపెట్టొద్దే. లెక్కపెట్టినోళ్ల ఇంట్ల నిలువదంటరు."

ఆ శాస్త్రం నేనెప్పుడూ వినలేదు. చిలుకమ్మా విని ఉండదు. కానీ వేళ్లు మడిచింది. అందుకని నా బరువు ఈనాటికీ మొండయ్యకు, బెల్లం గుట్టకు తప్ప ఎవరికీ తెలియదు. మీకూ చెప్పను.

ఆఖరి ముద్ద పడగానే నేను నేల విడిచాను. పళ్లెం ఊగింది. అత్తమ్మ కొబ్బరికాయ కొట్టి, పసుపునీళ్లు నా చుట్టూ తిప్పి పోసింది. ఆ నీళ్లు నా మొహం మీద కూడా పడ్డాయి. తుడుచుకోవడానికి అదొక వీలు.

సాయంత్రం వాకిట్లో చాప పరిచి, అత్తమ్మా నేనూ బెల్లం ముద్దలకు పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, సంచుల్లో పేర్చాం. ఇద్దరమే ఉన్నాం. మా ఆయన పంచె విప్పి ప్యాంటేసుకుని ఎటో పోయాడు. ఎప్పటినుంచో లోపల దాచుకున్న మాట, పప్పులో ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా నా నోట్లోంచి వచ్చింది.

"దవాఖానకు ఒక్కనాడు రాలేదు గద అత్తమ్మా."

ఆమె చెయ్యి ఆగలేదు. "వచ్చి ఏం జేద్దును? సూదులిద్దునా? రకతం ఎక్కిద్దునా? గాడ డాక్టర్లున్నరు. గీడ ఎవరున్నరు?"

నేను ఇంకో ముద్దకు బొట్టు పెట్టాను.

"వాడొచ్చి గోడకు కూసోని ఏడ్సిండు. డాక్టర్లు గిట్లన్నరవ్వా, రాత్రి గడిస్తే జూద్దామన్నరవ్వా అని. నేనేం జెయ్యాలె? బిందెడు నీళ్లు నెత్తిమీద పోసుకున్న. తడిబట్టతోని అమ్మ దిక్కు తిరిగి అడిగిన. నా చేతుల ఉన్నది గది. గదే జేసిన."

"మరి ఈయన చిటికెన వేలికి?"

"వేలికి పట్టీ కట్టిచ్చినం గద. వేలికి ఎత్తు బంగారమేందే, నీకు చదువుకున్న తెలివి లేదా?"

పసుపు రాసిన ముద్ద ఒకటి నా చేతిలోంచి జారింది. ఆమె అందుకుని దుమ్ము దులిపి సంచిలో పెట్టింది. తర్వాత విడిగా కాగితంలో చుట్టిన ఒక ముద్ద నా ముందర పెట్టింది.

"ఇది ఎస్తేరుకు ఇచ్చి రా. ఇది తూకంలది గాదు, వేరేగ కొన్న. పసుపు కూడ రాయలే. ఒట్టి బెల్లమేనని చెప్పు, మనసుల ఏం పెట్టుకోకుండ తింటది."

గోడ దగ్గరికి పోయాను. ఎస్తేరక్క కాగితం విప్పి, ముద్ద చేత్తో ఎత్తి చూసి, నన్ను చూసింది. ఇన్నేళ్ల స్నేహంలో మొదటిసారి ఆమె నోట్లోంచి ఎగతాళి రాలేదు. "కుట్టు విప్పడానికి కొత్త బట్ట అతుకేస్త, తీస్కరా" అన్నది చివరికి.

మేడారానికి టాటా ఏస్ బండి మాట్లాడుకున్నాం. వాగులో తానాలు చేసి, గద్దెల దిక్కు జనంలో పడ్డాం. అక్కడ మనిషి నడవక్కర్లేదు, జనమే నడిపిస్తారు. సంచులు మోసింది మా ఆయన. ఒక సంచి నెత్తిన పెట్టుకుని పోయి, అప్పజెప్పి, మళ్లీ వచ్చి ఇంకోటి ఎత్తుకుని. మూడోసారి వచ్చినప్పుడు చెమటలు తుడుచుకుంటూ నా వంక ఒక చూపు చూశాడు. పెళ్లినాటి నుంచి నా బరువు ఆయనకు అంత స్పష్టంగా తెలిసిరావడం అదే మొదలు. "ఇంకో ముద్ద పెట్టకపోతివి" అన్నాడు మెల్లగా. నేను వినిపించుకోలేదు. అత్తమ్మ గద్దె దిక్కు చేతులెత్తి నిలబడింది. పెదాలు కదిలాయి కానీ ఏమన్నదో ఆ మోతలో వినపడలేదు. అడిగినా చెప్పదు.

తిరుగుదారిలో బండి వెనక ఖాళీ సంచులు పరుచుకుని కూర్చున్నాం. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు. సింధు ముందర డ్రైవరు పక్కన కూర్చుంది. తాడ్వాయి అడవి రెండు దిక్కులా వెనక్కి పోతోంది. అత్తమ్మ కొంగు బిగించి, కాళ్లు చాపుకుని, చేత్తో మోకాళ్లు వత్తుకుంటూ అన్నది:

"మొక్కుండంగ ఇల్లు మారొద్దంటరు. ఇగ తీరింది. ఎప్పుడు పోతాన్రు?"

నేను మా ఆయన వంక చూశాను. ఆయన చెట్ల వంక చూశాడు.

"నాకు కార్తీకంలనే చెప్పిండు" అన్నది అత్తమ్మ. "వాని కడుపుల మాట దాగుతదా? నీకు తెల్వొద్దన్నడు. నేనెందుకు చెప్త?"

చలికాలమంతా ఆ మాటను కడుపులో పెట్టుకుని, దాని మీద నా పూరీలు పేర్చుకున్నాడన్నమాట. అందుకే అంత బరువు. ఓనరు ఫోనుకు మేడెక్కడం, జాతర కానీ అనడం, అంతా నా ముందర ఆడిన ఆట. వాళ్లమ్మకంటే నాకే ఎక్కువ భయపడతాడని తెలియడం ఒకరకంగా గౌరవమే కానీ, దాని లెక్క ఇంటికెళ్లాక చూద్దామని పక్కకు పెట్టాను.

అత్తమ్మ ఇంకా నా జవాబు కోసం చూస్తోంది. చూస్తున్నట్టు కనపడకుండా, సంచి దారాలు పీకుతోంది. ఆ కిటికీ నా కళ్ల ముందుకొచ్చింది. రెండో అంతస్తు. ఎదురుగా ఆకాశం. గడపలో ఎవరూ ఉండరు. నెయ్యి గిన్నె నా తలెలో వంచేవాళ్లూ ఉండరు.

"ఎక్కడికి అత్తమ్మా?" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. మా ఆయన చెట్లను వదిలి నా దిక్కు తిరిగాడు.

"ఏమో. నాకేం తెల్సు" అన్నది అత్తమ్మ.

బండి ఒక గుంతలో పడి లేచింది. అందరం ఎగిరిపడి సర్దుకున్నాం. సర్దుకున్నాక నేనన్నాను: "గని వంటింటికి కిటికీ లేదు. పొగకు కండ్లు మండుతానయి."

"పెట్టిచ్చుకో. ఎవలొద్దన్నరు? బర్రె దిక్కు గోడ ఖాళీగనే ఉన్నది."

"బర్రె కనబడ్తది."

"కనబడనియ్యి. అది నిన్నేమన్నది?"

ఆకాశం అడిగితే బర్రె వచ్చింది. సరే, బర్రె మీద కూడా కొంత ఆకాశం ఉంటుంది కదా అనుకున్నాను. మా ఆయన జేబులోంచి ఫోన్ తీసి, ఓనరు నంబరు వెతుకుతూ, ఈసారి మేడ లేదు కాబట్టి మా ముందరే మాట్లాడడానికి గొంతు సవరించుకున్నాడు.

అత్తమ్మ ఖాళీ సంచి మడిచి తలకింద పెట్టుకుని, కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాం. పస్రా దాటాక, కళ్లు తెరవకుండానే అన్నది:

"ఉంటె ఉండు గని, జర తిండి తగ్గించు పద్మా. మళ్లొకసారి మొక్కాల్నంటె నా బర్రెతోని గాదు."